రాణి వేషం ఆమె

వేలూరులో మా లాడ్జి ఉన్న సందులో తెలుగు వినబడని పూట లేదు. పెద్దాసుపత్రికి చిత్తూరు నుంచి, కడప నుంచి, ఇంకా పైనుంచి వచ్చేవాళ్ళు కాట్పాడిలో రైలు దిగి, ఆటో పట్టుకుని, ఫైళ్ళ సంచులతో, దుప్పట్లతో, నీళ్ళ క్యానులతో ఆ సందులోకే వస్తారు. కౌంటరు దగ్గర కూర్చునేది నేను. తాళాలిచ్చేది, నీళ్ళు రాకపోతే మాటలు పడేది, గదిలో వండుకోవడానికి స్టవ్వు ఇచ్చేది, డాక్టరు తమిళంలో చెప్పింది అర్థం కాక బిక్కమొహంతో వచ్చినవాళ్ళకు దాన్ని తెలుగు చేసి చెప్పేది నేనే. ఇంట్లో మనిషికి చెప్పలేని మాటలు ఎంతమందికి చెప్పానో. సాయంత్రం ఇంటికి పోయే బాగాయం బస్సెక్కేసరికి నోరు పెగలదు. ఎవరన్నా ఏదన్నా అడిగితే తలూపి ఊరుకుంటాను.

మాది గుడియాత్తం పక్క. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా నాయన మేస్త్రీ. బడి మానేసిన వారానికే ఆయన వెనక సిమెంటు తట్టలు మోయడం మొదలుపెట్టాను. పెళ్ళయ్యాక, టైల్సు పరిచే మా ఆయన వెనక మోశాను. మోకాళ్ళు అరిగిపోయాక ఈ కుర్చీలోకి వచ్చాను. ఇన్నేళ్ళలో నాదంటూ నేను పెంచుకున్న ఇష్టం ఒక్కటే. పద్యనాటకాల్లో రాణి వేషం కట్టే ఒకామె గొంతు.

ఆమెను మొదట చూసింది పట్టపగలు. నాటకాలు రాత్రిపూట ఆడతారు గదా, పగలెట్లా చూశావని అడుగుతారు ఎవరైనా. ఆ ఏడు గంగమ్మ జాతరకు మా ఊరివాళ్ళు పుంగనూరు పక్కనుంచి ఒక నాటకం కంపెనీని పిలిపించారు. మా పక్క తెలుగు కుటుంబాలకు అది అలవాటు. మాలో చాలామందికి తెలుగు అక్షరం ముక్క రాదు కానీ, పద్యం వినకపోతే జాతర జరిగినట్టే ఉండదు. తెర లేచిన కాసేపటికి ఎండాకాలపు వాన వచ్చి పందిరి కూలిపోయింది. తాంబూలం పుచ్చుకున్నారు కాబట్టి ఆడి తీరాల్సిందేనని పెద్దలు పట్టుబట్టారు. కంపెనీ వాళ్ళకు మర్నాటి రాత్రికి వేరే ఊళ్ళో నాటకం ఉంది. అందుకని మరుసటి రోజు పొద్దున, అన్నాలు తిన్నాక, అగ్గిపెట్టెల గోదాములో పెట్టెలన్నీ ఒక పక్కకు నెట్టి అక్కడ ఆడారు. వానకు కరెంటు పోయింది. మైకు లేదు, రంగు లైట్లు లేవు. రేకుల సందుల్లోంచి ఎండ పడుతోంది.

ఆ వెలుతురులో రాజు కిరీటం అట్టముక్కని తెలిసిపోయింది. మంత్రి మీసం ఒక పక్క ఊడి వేలాడింది. జనం నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మెడ దాకా పౌడరు, మెడ కింద అసలు రంగు. చీరకు గుచ్చిన పిన్నీసులు కనబడుతున్నాయి. ఎవరో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆమె ఎవరి వంకా చూడకుండా నిలబడి, హార్మోనియం శృతి అందుకుని, రాజ్యం పోగొట్టుకున్న రాణి ఒంటరిగా పాడే పద్యం ఎత్తుకుంది.

గంధకం వాసన కొట్టే ఆ గోదాములో ఆ గొంతు ఎట్లా నిండిందో నాకు చెప్పడం రాదు. బిందెలోకి నీళ్ళు పోస్తుంటే అడుగునుంచి మొదలై మూతి దగ్గరికొచ్చేసరికి చప్పుడు మారుతుంది చూడండి, అట్లా కిందనుంచి పైకి వచ్చింది. మైకు లేదు కాబట్టి ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆఖరు పాదంలో రాగం తీసే ముందు కాలి బొటనవేలు నేలకేసి నొక్కిపెట్టింది. రాగం ముగిసేదాకా ఆ వేలు కదల్లేదు. నేను ముందు వరసలో కింద కూర్చుని ఆ వేలినే చూస్తున్నాను. నాటకాలకు నిద్రపోవడానికే వచ్చే మా నాయన కూడా ఆ రోజు నిటారుగా కూర్చున్నాడు.

ఇంటికి పోతూ ఆయనన్నాడు: "మైకు ఉండింటే ఈ గొంతు మనకు తెలిసిండేది కాదు. వాన మంచి పనే చేసింది."

ఆ తర్వాత పని దగ్గర తట్ట తలకెత్తుకునేటప్పుడు నేను కూడా బొటనవేలు నేలకు నొక్కి, ఊపిరి బిగబట్టి లేచేదాన్ని. నిజానికి దానివల్ల బరువేమీ తగ్గలేదు. కానీ ఆమె చేసిన పని నేనూ చేస్తున్నానని ఉండేది.

నాటకాల దగ్గర పద్యాల పుస్తకాలు అమ్మేవాళ్ళు, సన్నటివి, గులాబీ రంగు అట్టవి. ఒకటి కొనుక్కున్నాను. చదవడం రాదు. కొన్నాళ్ళకు మా నాయనకు చిత్తూరులో ఒక రిటైరైన పంతులుగారి ఇల్లు కట్టే పని దొరికింది. అన్నం వేళ పంతులుగారి భార్య వచ్చి మాతో మాట్లాడుతూ కూర్చునేది. పుస్తకం చూపించి చదివిపెట్టమంటే, "నేను చదివితే ఏం లాభం, నువ్వే చదువు" అని బొగ్గుముక్కతో గోడమీద అక్షరాలు రాసి దిద్దించింది. హాలు గోడ నిండింది, వంటింటి గోడ నిండింది. పూత పని మొదలయ్యాక వాటి మీదే మా నాయన సిమెంటు పూసేశాడు. అప్పటికి నాకు చదవడం వచ్చేసింది. తెలుగు రాయడం, చదవడం నాకు అట్లా అబ్బింది. ఈ నాలుగు మాటలూ ఇప్పుడు ఈ లిపిలో రాస్తున్నానంటే ఆ గొంతు పుణ్యమే.

పుస్తకం చదవడం వచ్చాక ఒక సంగతి గమనించాను. ఆ పద్యంలో ఒకచోట పుస్తకంలో 'తీరము' అని ఉంటే, ఆమె 'తీరదు' అని పాడేది. ఏ ఊళ్ళో విన్నా అంతే. నేను దాని మీద చాలా ఆలోచించాను. రాణి ఒడ్డు గురించి చెప్పడం లేదు, ఈ దుఃఖం తీరదని చెబుతోంది, కవి కంటే ఆమెకే రాణి మనసు బాగా తెలుసు, అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. తట్టలు మోస్తూ కూడా అదే ఆలోచన. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని.

పెళ్ళయ్యాక కూడా ఆమె నాటకం ఉందంటే బస్సు పోయే ఊరైతే పోయేదాన్ని. పలమనేరు, వి.కోట, పేర్ణాంబట్టు. మా ఆయన తోడొచ్చి గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు. మగవాళ్ళు 'వన్స్ మోర్' అని అరిచేవాళ్ళు, నోట్లు గుచ్చేవాళ్ళు. ఆడవాళ్ళం అరవడం ఉండదు, వింటాం, లేచి వస్తాం. ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎప్పుడూ తెర పక్కన ఎవరో ఒకరు అడ్డం ఉండేవాళ్ళు. తర్వాత తర్వాత జాతరలకు నాటకాలు పిలవడం తగ్గింది. డాన్సులు, పాటల బృందాలు వచ్చాయి. ఆమె ఇంకా పాడుతోందో లేదో కూడా తెలియలేదు. నా ఫోనులో గరగరమనే రికార్డింగులు మిగిలాయి. బస్సులో చెవికి ఆనించుకుని వినేదాన్ని. చాలాసార్లు సగంలోనే నిద్రపట్టేది.

పోయినేడు ఎండల్లో ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు. వెనక ఒకామె, మెడచుట్టూ కొంగు కప్పుకుని.

"అమ్మా, గది కావల్ల. కింద ఉండేది ఉంటే ఇయ్యండి. ఈమె మెట్లెక్కలేదు" అన్నాడు.

కింద గది ఖాళీ ఉంది. కొక్కెం నుంచి తాళం తీస్తూ ఆమె వైపు చూశాను. లాడ్జి గడప దాటేటప్పుడు ఎడమ చేత్తో కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తిపట్టి, తల వంచకుండా లోపలికి అడుగు పెట్టింది. ఆ నడక నేను ఎన్నిసార్లు చూశానో. తాళం చేతిలోనే ఉండిపోయింది.

"మీరు... రాణి వేషం..." అన్నాను.

ముసలాయన మొహం వెలిగిపోయింది. ఆయన ఆమె భర్త, హార్మోనిస్టు. అన్నేళ్ళు ఆమె పక్కనే కూర్చుని వాయించినా ఆయన మొహం నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. "చూసినావా, ఇక్కడ కూడా నిన్ను తెలిసినోళ్ళు ఉండారు!" అన్నాడు ఆమెతో.

ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. "ముందు గది చూపించమ్మా. నాకు కాళ్ళు లాగతా ఉండాయి" అంది.

నేను వినాలనుకున్న మొదటి మాట అది కాదు. కానీ ఆ గొంతు అదే. కొంచెం బొంగురు కలిసింది, అంతే.

మెడలో గ్రంథి ఉబ్బింది. ఏడాదిగా ఉందట, మింగితే అడ్డం పడుతోందట. వాళ్ళకు తమిళం అంతంతమాత్రం. మరుసటి రోజు ఒక పూట సెలవు పెట్టి నేనే వెంట వెళ్ళాను. లాడ్జిలో దిగిన ఎవరికీ నేనట్లా పోను. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. స్కాన్ చూసి, బొమ్మ గీసి, అన్నీ విడమరిచి చెప్పింది. గడ్డ పెద్దదై గాలి గొట్టాన్ని నొక్కుతోంది, తీసేయడమే మంచిది. దానికి ఆనుకునే గొంతుకు పోయే నరాలు ఉంటాయి, జాగ్రత్తగానే చేస్తాం, మాట పోదనే అనుకుంటున్నాం. కానీ గడ్డ ఆ నరాన్ని చుట్టుకుని ఉన్నట్టుంది, పైస్థాయి పలకకపోవచ్చు. పాడే మనిషి అంటున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను, ఆలోచించుకుని రండి, మరీ ఆలస్యం చేయకండి.

నేను తెలుగులో చెప్పాను.

ముసలాయన కుర్చీ అంచుకు జరిగాడు. "మాత్రలతో కరగదేమో అడగమ్మా. జాతరల కాలం అయిపోనీ, తర్వాత చూస్తామని చెప్పు. ఇప్పుడు పిలిచేదే మూడు నాలుగు ఊళ్ళు. అవి కూడా పోతే ఎట్ల?"

నేను అడిగాను. మాత్రలతో కరగదని చెప్పింది డాక్టరమ్మ. రాణి వేషం ఆమె మాత్రం గోడమీద ఫ్యాను తిరగడం చూస్తూ కూర్చుంది, తన గురించి కానట్టు.

లాడ్జికి వచ్చాక ముసలాయన, నేను ఇద్దరం ఒకే పార్టీ అయిపోయాం. టీ కొట్టు దగ్గర నిలబడి ఎవరెవరిని అడగాలో మాట్లాడుకున్నాం. మూలికల వైద్యుడొకడు తిరుపత్తూరు దగ్గర ఉన్నాడని నేనే చెప్పాను. ఆయన నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "నువ్వు చెప్తే వింటాది. ఆడమనిషివి. ఆ గొంతు నీకు తెలుసు" అన్నాడు.

ఆ మాట నాకు గర్వంగా అనిపించింది కూడా.

మరునాడు మధ్యాహ్నం ఆమె లాడ్జి మిద్దె మీద చీర ఆరేస్తోంది. మెట్లెక్కలేని మనిషి ఎట్లా ఎక్కిందో. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంది. నేను రాగిసంగటి, పల్చటి పులుసు తీసుకుని పైకి వెళ్ళాను. మింగడానికి వీలుగా ఉంటుందని ఇంటినుంచి చేసి తెచ్చాను. ఆమె చిన్న చిన్న ముద్దలు చేసుకుని తింటుంటే పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆమె పక్కన కూర్చున్నానని నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందు ఆ అగ్గిపెట్టెల గోదాము సంగతి చెప్పాను.

"ఆ రోజా? తెలుసు. వానకు తడిసి నాకు జరం. కళ్ళు తిరగతా ఉండాయి. పడిపోకుండా నిలబడితే చాలని పాడినా" అంది.

"బొటనవేలు నేలకు నొక్కిపెట్టినారు."

"పడిపోకుండా."

ఎప్పటినుంచో దాచుకున్న ప్రశ్న అడిగాను. "అక్కా, పుస్తకంలో 'తీరము' అని ఉండాది. మీరు 'తీరదు' అని పాడతారు. అట్ల ఎందుకు మార్చినారు?"

ఆమె ముద్ద చేతిలో పెట్టుకుని ఆలోచించింది. "అట్ల ఉండాదా పుస్తకంలో? మా అమ్మ నోటి పాఠం నేర్పించింది. ఆమెకు చదువు లేదు. నాకూ రాదు. ఆమె తప్పు విన్నాదో, నేను తప్పు పట్టుకున్నానో. ఇన్నేండ్లు ఎవురూ చెప్పలేదే!" అంది. నవ్వింది కూడా. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.

నేను మంచినీళ్ళు అందించాను. మనసులో ఏదో చప్పబడిపోయింది. అయినా వచ్చిన పని మరిచిపోలేదు.

"అక్కా, ఇంకోచోట చూపిద్దాము. ఆపరేషను కాకుండా దారి ఉంటుందేమో. మీ గొంతు..."

"మా ఆయన పంపించినాడా?"

"ఆయనా అడిగినాడు. నాకూ అదే అనిపిస్తా ఉండాది."

ఆమె గిన్నె కింద పెట్టి చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, ఎవరిమీదా కోపం లేకుండా, సరుకుల ధర చెప్పినట్టు చెప్పింది.

"చూడమ్మా. నాకు తొమ్మిదేండ్లప్పుడు మా అమ్మ నన్ను తెర ముందుకు తోసింది. అప్పటినుంచి ఈ గొంతు నాది కాదు. మా అమ్మది, తర్వాత కంపెనీది, తర్వాత ఈయనది. వన్స్ మోర్ అనేవాళ్ళది. జలుబు చేస్తే పాడినా. బిడ్డ కడుపులో ఉంటే పాడినా. బిడ్డ పోయిన నెలకు పాడినా. ఆ రోజు బాగా పాడినానని నోట్ల దండ వేసినారు. పాడేదానికి ఇష్టం లేదని కాదు. అలిసిపోయినా. మనిషన్నాక పొద్దుగూకితే పండుకోవల్ల గదా. పొద్దుగూకితే నేను మొగానికి రంగేసుకోవల్ల. ఆ డాక్టరమ్మ గొంతు పోతాదేమో అంటే నాకేమనిపించిందో తెలుసునా?"

నేను ఖాళీ గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

"సరే, ఇంక ఎవురూ పిలవరు గదా అనిపించింది."

"మరి మేము? మాకు?" అన్నాను. నోరు జారి వచ్చింది ఆ మాట.

"మీకేమి? విన్నారు గదా" అంది. మెల్లగా లేచి, తడి చీర అంచు సరిచేసింది.

నేను కిందికి వచ్చి కౌంటరులో కూర్చున్నాను. కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. కడప నుంచి వచ్చిన ఒకాయన గదిలో ఫ్యాను తిరగడం లేదని వచ్చి అడిగితే కసురుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో ఫోను తీసి పద్యం పెట్టుకున్నాను. 'తీరదు' దగ్గరికి రాగానే ఆపేశాను. పక్కసీటులో ఒకామె కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది. ఆమెకేసి చూస్తుంటే నేను రోజూ ఎట్లా కనబడతానో తెలిసింది. పని మానెయ్యమని డాక్టరు నాకు చెప్పినప్పుడు నేనెవరి అనుమతి అడిగాను? మోకాళ్ళు పోయాయని చెప్పిన రోజు లోపల్లోపల నేనూ కొంచెం సంతోషపడ్డాను. ఎవరితోనూ అనలేదు కానీ, పడ్డాను. ఆ బస్సులోనే నా కోపం తగ్గింది. బాధ మాత్రం తగ్గలేదు.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. "ఏం నిర్ణయించుకున్నారు?" అని తమిళంలో అడిగింది.

నేను తెలుగులో అడగకముందే ముసలాయన అందుకున్నాడు. "జాతరలు కానీ, ఆ తర్వాత వస్తామని చెప్పమ్మా."

ఆమె అదే సమయంలో అంది: "కొయ్యమని చెప్పు. ఎప్పుడైనా సరే. రేపైనా సరే."

ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. డాక్టరమ్మ కూడా. ముసలాయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయన అడిగింది చెబితే ఇంకో మూడు నాలుగు ఊళ్ళలో ఆ గొంతు వినబడుతుంది. అందులో ఒకటి మా గుడియాత్తం పక్కదే. అదంతా ఒక్క క్షణంలో తలలో తిరిగింది.

"పేషెంటు ఆపరేషనుకు ఒప్పుకుంది. భర్త వాయిదా వేయమంటున్నాడు. ఆమెకు వాయిదా ఇష్టం లేదు. గొంతు పోవచ్చని ఆమెకు తెలుసు" అని తమిళంలో చెప్పాను. ఎవరి మాట ఎవరిదో విడివిడిగా, పూర్తిగా చెప్పాను. నేను రోజూ చేసే పనే అది. ఆ రోజు చేసినంత కష్టంగా ఎప్పుడూ చేయలేదు.

డాక్టరమ్మ ఆమెను చూసి, వచ్చీరాని తెలుగులో, "మీకు సమ్మతమా?" అని అడిగింది.

"సమ్మతమే తల్లీ" అంది ఆమె.

ఆపరేషను అయింది. మెడకు కట్టుతో లాడ్జికి తిరిగొచ్చింది. వారం పైనే మా దగ్గర ఉంది. మొదట సైగలే. తర్వాత గుసగుసలాంటి మాట. రోజూ గంజి తెచ్చిపెట్టేదాన్ని. ఆమె తాగి పడుకునేది. ఎంత నిద్రపోయేదో! పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి నిద్ర, మధ్యాహ్నం భోజనం కాగానే నిద్ర. ముసలాయన తలుపు బయట కుర్చీ వేసుకుని తొడమీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేవాడు, హార్మోనియం మెట్లు నొక్కుతున్నట్టు.

"ఆ గొంతు పక్కన కూర్చోనే ముసిలోణ్ణి అయినా. ఇప్పుడు ఈ పెట్టె తీసుకోని యాడికి పోవల్ల?" అన్నాడు ఒకరోజు. హార్మోనియాన్ని ఆయన పెట్టె అనే అంటాడు. టీ తెప్పించి ఇచ్చాను.

మళ్ళీ డాక్టరమ్మకు చూపించుకోవడానికి వచ్చినప్పటికి ఆమెకు మాట బాగానే తిరిగివచ్చింది, లోతుగా, మగగొంతులా. నేను రెండో తాళం ఇవ్వడానికి వెళ్ళేసరికి గదిలో ముసలాయన శృతి మెల్లగా కూనిరాగంగా అందిస్తున్నాడు. "ఒక్కసారి. ఊరికే చూడు" అంటున్నాడు. ఆమె మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకుని అందుకుంది. కింద స్వరం నిలబడింది. పైకి పోబోయి మధ్యలో విరిగింది. చీకిన గుడ్డ చినిగినట్టు చప్పుడైంది. ముసలాయన కిటికీ వైపు తిరిగాడు. గుమ్మంలో నేను నిలబడే ఉన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. "చూసినావు గదా. ఇంక అడగొద్దు" అంది ఆయనతో. విసురుగా కాదు, చంటిబిడ్డకు చెప్పినట్టు. తర్వాత ఆయన వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అట్లాగే ఉంచింది. నేను తాళం గూట్లో పెట్టి వచ్చేశాను. మేడ మెట్ల కింద చీపుర్లు పెట్టే చోట నిలబడి ఏడ్చాను. ఆమె కోసమా, నా కోసమా అంటే చెప్పలేను. ఎవరో "అక్కా, నీళ్ళు రావడం లేదు" అని పిలిస్తే మొహం తుడుచుకుని వెళ్ళి మోటారు వేశాను.

ఊరికి పోయేటప్పుడు, ఆటో ఎక్కుతూ ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. "మా ఊరికి రా. పాట కోసరం కాదు, ఊరికే రా" అంది.

ఊరికే ఎట్లా పోతాం అనుకున్నాను. పాట లేకపోతే ఆమెతో నాకు ఏమిటి సంబంధం? కొన్ని నెలలు పోలేదు. ఫోను చేస్తే బాగున్నావా అంటే బాగున్నాను, అంతటితో మాటలు అయిపోయేవి. ఒక ఆదివారం మా ఆయనే అన్నాడు, "పోయి రాగూడదా? ఆమె పాట కోసరం ఊరూరు తిరిగినావు, ఆమె కోసరం ఒక ఊరికి పోలేవా?" అని. గుడియాత్తంలో బస్సు మారి, పలమనేరు మీదుగా పోయాను. ఘాటు రోడ్డు పొడుగునా నిలబడే.

ఇంటి ముందు రెండు ఆవులు. ఆమె పేడ ఎత్తుతోంది. కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి, "వచ్చినావా! రా, రా" అని ఆ మగగొంతుతో అరిచింది. ఆవులు తలెత్తి చూశాయి. లోపల ముసలాయన ఒక ఆడపిల్లకు పద్యం నేర్పిస్తున్నాడు. కంపెనీకి కొత్తగా దొరికిన పిల్లట. రాగం అక్కడక్కడా తప్పుతోంది, నాకే తెలుస్తోంది. ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఉలవలు చెరుగుతూ కూర్చుంది, చెవి కూడా అటు పెట్టకుండా.

"చెప్పగూడదా అక్కా?" అన్నాను.

"ఆయన ఉండాడు గదా చెప్పేదానికి. వాళ్ళ పాట వాళ్ళు చూసుకుంటారు" అంది. "అది సరే గాని, నీ మోకాళ్ళు ఎట్ల ఉండాయి?"

నా మోకాళ్ళ సంగతి ఆమెకు నేనెప్పుడు చెప్పానో గుర్తు లేదు. మిద్దె మెట్లెక్కడం చూసి కనిపెట్టిందేమో. ఆవ నూనె కాచి ఇచ్చి రాసుకోమంది. అన్నం పెట్టింది. తిన్నాక చాప పరిచి, తను గోడవైపు తిరిగి పడుకుంది. రెండు మాటలు ఏవో మాట్లాడి, మూడో మాట మధ్యలోనే నిద్రపోయింది. గురక సన్నగా, సమంగా వస్తోంది. మొహంలో ఒక్క గీత బిగుసుకుని లేదు. ఇన్నేళ్ళు ఆమెను చూశాను కానీ, ఇట్లా చూడలేదు.

లోపల పిల్ల పాడటం ఆగింది. ముసలాయన పెట్టె మూసిన చప్పుడైంది. పలమనేరు బస్సుకు ఇంకా టైముంది. నేను కూడా ఆమె పక్కనే, చాప చివర కొంగు తల కింద పెట్టుకుని ఒరిగాను. ఎవరూ ఏమీ అడగలేదు.